2.25 కంటే కిందికి రానివ్వకుండా: హానా కాపర్ చెకర్‌తో 37 రోజులు

ఇది హానా వాళ్ళ హెచ్‌ఐ 702 కాపర్ చెకర్ మీద రివ్యూ, అంటే నీళ్ళలో రాగి ఎంత ఉందో కొలిచే చిన్న మీటర్ మీద. దాంతోపాటు కాపర్ పవర్ అనే రాగి మందు గురించీ చెప్తాను, ఎందుకంటే మందు లేకుండా మీటర్ గురించి మాట్లాడితే ఉపయోగం లేదు. మీటర్ లేకుండా ఆ మందు వాడమని నేను ఎవరికీ చెప్పను. సముద్రపు చేపలు పెంచేవాళ్ళ కోసం, ముఖ్యంగా కొత్తగా తెచ్చిన చేప ఒంటి మీద తెల్ల చుక్కలు చూసి టెన్షన్ పడుతున్నవాళ్ళ కోసం రాస్తున్నాను. కొనాలా వద్దా అని ఒక్క ముక్కలో అడిగితే, కొనండి. చేపని కొనకముందే కొనండి.

మూడేళ్ళ కిందట నా దగ్గర ఈ మీటర్ లేదు. కొత్త చేపని కొన్నాళ్ళు విడిగా ఉంచి చూసే క్వారంటైన్ ట్యాంక్ కూడా లేదు. కొత్త చేపని నేరుగా పెద్ద ట్యాంకులో వదిలేశాను. నాలుగో రోజు దాని రెక్కల మీద చుక్కలు కనిపించాయి. అమ్మినాయనకి ఫోన్ చేస్తే, "కొత్త నీళ్ళు కదండీ, అలవాటు పడాలి. మేతలో వెల్లుల్లి రసం కలిపి పెట్టండి, తగ్గిపోతుంది" అన్నాడు. అలాగే చేశాను. రెండు రోజుల్లో చుక్కలు మాయమయ్యాయి. నిజంగా తగ్గిందనుకుని ఇంట్లో అందరికీ చెప్పాను. మరుసటి వారం చుక్కలు తిరిగొచ్చాయి, ఈసారి ఒక్క చేపకి కాదు, ఐదింటికీ. కంగారుగా వాటన్నిటినీ పట్టి వేరే ట్యాంకులో వేసి రాగి మందు పోశాను. కొలవడానికి ఒక రంగుల కార్డు కిట్ తెచ్చాను. ట్యూబులో రంగు లైటు కింద చూస్తే ఒక గడికి సరిపోయేది, కిటికీ దగ్గర చూస్తే దాని పక్క గడికి సరిపోయేది. ఆ రెండు గళ్ళ మధ్య తేడానే చేప బతకడానికీ చావడానికీ మధ్య తేడా అని అప్పుడు నాకు తెలియదు. ఐదింట్లో ఒక్కటి మిగిలింది. అది ఇప్పటికీ ఉంది, పసుపు రంగు ట్యాంగ్.

ఆ చుక్కలు ఎందుకు మాయమయ్యాయో తర్వాత చదువుకున్నాను. ఇక్ అని మనం పిలిచే ఈ జబ్బుకి కారణం క్రిప్టోకారియాన్ ఇరిటాన్స్ అనే ఏకకణ జీవి. చేప చర్మం పైపొర కింద దూరి, మూడు నుంచి ఏడు రోజుల పాటు తిని బలుస్తుంది. మనకి కనిపించే చుక్క అదే. కడుపు నిండాక చేపని వదిలి కిందికి జారుతుంది, ఎక్కువగా చీకట్లో. అడుగున రాయికో ఇసుకకో అద్దానికో అంటుకుని, చుట్టూ గట్టి గుల్ల కట్టుకుని, లోపల ముక్కలు ముక్కలుగా విడిపోతుంది. తర్వాత ఆ గుల్ల పగిలి వందల పిల్లలు ఈదుకుంటూ చేప కోసం బయల్దేరతాయి. కాబట్టి చుక్క పోయిందంటే జబ్బు పోయిందని కాదు, చుక్క ఇల్లు మారిందని. గుల్లలు అన్నీ ఒకేసారి పగలవు. కొన్ని మూడు రోజులకే పగిలితే, కొన్ని నాలుగు వారాలు పడతాయి. ఇంకా ఎక్కువ కాలం ఆగినవీ ఉన్నాయి. అందుకే అప్పట్లో పెద్ద ట్యాంకుని 76 రోజులు ఒక్క చేప కూడా లేకుండా, రాళ్ళు, కోరల్స్, నత్తలతో మాత్రమే నడిపాను. రోజూ లైటు వెలిగేది, ఆరేది. చూడటానికి చేప ఉండేది కాదు.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, రాగి మందు పనిచేసేది ఆ ఈదుకుంటూ తిరిగే పిల్లల మీద మాత్రమే. చర్మం కింద ఉన్నదాన్ని రాగి ఏమీ చేయలేదు. గుల్లలో ఉన్నదాన్నీ చేయలేదు. గుల్ల దాటి చేపని చేరేలోపు ఉన్న ఆ కొద్ది గంటల దారిలోనే కాపు కాయాలి. నీళ్ళలో రాగి ఒక్క పూట తగ్గినా ఆ పూట పగిలిన గుల్లల్లోంచి వచ్చినవి చేపని చేరిపోతాయి, లెక్క మళ్ళీ మొదటికొస్తుంది. కాబట్టి రాగి వైద్యం అంటే మందు పోయడం కాదు, ఒక అంకెని వారాల తరబడి కదలకుండా పట్టుకోవడం. ఆ అంకెని చూపించేది ఈ చిన్న మీటర్.

ఇక ఈసారి సంగతి. పౌడర్ బ్లూ ట్యాంగ్ ఒకటి తెచ్చాను, తొమ్మిది సెంటీమీటర్లు ఉంటుంది. హిందూ మహాసముద్రపు చేప, ఒళ్ళంతా లేత నీలం, ముఖం నల్లగా, వీపు మీద రెక్క పసుపుగా. ఇక్ తొందరగా పట్టే చేపల పేర్లు అడిగితే ఎవరైనా మొదట చెప్పేది దీని పేరే. ఆ సంగతి తెలిసే తెచ్చాను, సిద్ధంగా ఉండే తెచ్చాను. క్వారంటైన్ ట్యాంకు పేరుకి 110 లీటర్లు. ఇసుక లేదు, రాయి లేదు. దాక్కోవడానికి పీవీసీ పైపు ముక్కలు (ఎల్బోలు రెండు, టీ ఒకటి), అంతకుముందే నెల రోజులు పెద్ద ట్యాంకు ఫిల్టర్ తొట్టిలో (సంపులో) ఉంచి బాక్టీరియా పట్టించిన స్పాంజ్ ఫిల్టర్, హీటర్, ఎయిర్ స్టోన్. రాళ్ళూ ఇసుకా ఎందుకు వద్దంటే అవి సున్నపు జాతివి, రాగిని పీల్చుకుంటాయి. మనం పోసిన మందు నీళ్ళలో ఎంత ఉందో, రాళ్ళలోకి ఎంత పోయిందో తెలియకుండా పోతుంది.

చేప వచ్చిన సంచిలో నీళ్ళ సాంద్రత (ఉప్పు ఎంతుందో చెప్పే అంకె) 1.020 ఉంది. క్వారంటైన్ నీళ్ళని ముందే 1.020కి దించి ఉంచాను కాబట్టి చుక్కలు చుక్కలుగా నీళ్ళు కలుపుతూ ఎక్కువసేపు డ్రిప్ పెట్టాల్సిన పని లేకుండా నేరుగా మార్చాను. ఆ తర్వాత వారం రోజుల్లో మెల్లగా 1.025కి పెంచాను. ఉప్పు తగ్గడాన్ని చేప తట్టుకున్నంత సులువుగా పెరగడాన్ని తట్టుకోదు.

మొదటి మూడు రోజులు బాగానే ఉంది. మూడో రోజు నోరి ఆకు (ఎండబెట్టిన సముద్రపు నాచు) కొరికింది. నాలుగో రోజు సాయంత్రం మా పాప పిలిచింది. "నాన్నా, ఇది పైపుకి వీపు గోక్కుంటోంది." వెళ్ళి చూస్తే చేప ఎల్బో అంచుకి పక్క తిప్పి రాసుకుని, విసురుగా అవతలికి పోతోంది. ఒక్కసారైతే పట్టించుకోనవసరం లేదు. పది నిమిషాలు కుర్చీ వేసుకుని కూర్చుని లెక్కపెట్టాను, ఆరుసార్లు.

మర్నాడు తెల్లవారుజామున, ట్యాంకు లైటు వెలగక ముందు, టార్చి తీసుకుని అద్దానికి ఏటవాలుగా పట్టుకుని చూశాను. ఎదురుగా వెలుగు వేస్తే ఏమీ కనిపించదు. పక్క నుంచి, ఒంటి మీద జారేట్టు వెయ్యాలి. నీలం ఒంటి మీద చుక్కలు అంత తేలిగ్గా కనిపించవు కానీ దీని ముఖం నల్లగా ఉండటం మంచిదైంది. కంటి కింద మూడు, నోటి దగ్గర ఒకటి, పక్క రెక్క అంచున అద్దంలా ఉన్న చోట ఇంకో నాలుగు. ఒక్కొక్కటీ ఉప్పు రేణువంత, కొంచెం ఉబ్బెత్తుగా, దేనికది విడివిడిగా. గాలి బుడగలు కూడా అచ్చం ఇలాగే అంటుకుంటాయి, అందుకని చేప అటూ ఇటూ తిరిగాక మళ్ళీ అవే చోట్ల ఉన్నాయా అని చూశాను. ఉన్నాయి.

ఇక్కడ తొందరపడి మందు సీసా తీయకూడదు. కొత్త చేపకి వచ్చే జబ్బుల్లో మొదట తేల్చుకోవాల్సింది వెల్వెట్ అవునా కాదా అని. అమైలూడినియమ్ అనే ఈ పరాన్నజీవి మొదట మొప్పల మీద పడుతుంది. ఒంటి మీద కనిపించేసరికి మెత్తటి పిండి చల్లినట్టు, ఒక కోణంలో బంగారు రంగు పొడిలా ఉంటుంది, చుక్కల్ని లెక్కపెట్టలేం. దాని ఒక్కో గుల్ల నుంచి 256 వరకూ పిల్లలు పుట్టగలవు. గుర్తించాక రోజులు కూడా ఉండవు, గంటలే. వెల్వెట్ ఉన్న చేప వెలుతురుకి తప్పుకుంటుంది, మేత మానేస్తుంది, పంపు ధారకి ఎదురుగా నిలబడి నోరు తెరిచి గసపెడుతుంది. అందుకని ఊపిరి లెక్కపెట్టాం. పాప ఫోన్‌లో పదిహేను సెకన్లు పెట్టింది, నేను మొప్పల కదలికలు లెక్కపెట్టాను. 28 వచ్చింది, నిమిషానికి 112. పెద్ద ట్యాంకులో ఉన్న పసుపు ట్యాంగ్‌కి లెక్కపెడితే 19, అంటే నిమిషానికి 76. ఎక్కువే, కానీ గసపెట్టడం లేదు. నోరి కొరుకుతోంది. లైటు వేస్తే బయటికే వచ్చింది.

బ్రూక్లినెల్లా అయితే ఒంటి నిండా జిగట పొర ఊడిపోతూ కనిపించేది. అది ఎక్కువగా క్లౌన్ చేపలకి వస్తుంది, దానికి రాగి పనిచేయదు, ఫార్మలిన్ కావాలి. యురోనీమా అయితే ఎర్రటి పుండ్లు పడతాయి, దానికీ రాగి పనిచేయదు. లింఫోసిస్టిస్ అయితే రెక్క అంచున కాలీఫ్లవర్ లాంటి గడ్డ కడుతుంది. అది వైరస్, శుభ్రమైన నీళ్ళూ మంచి మేతా ఉంటే చాలాసార్లు దానంతటదే పోతుంది. ఇవన్నీ ఎందుకు గుర్తు చేస్తున్నానంటే, తెల్లగా ఏది కనిపించినా రాగి పోసేవాళ్ళని నేను చూశాను. మొదటిసారి నేనూ అదే చేశాను.

మిగిలిన అనుమానం ఫ్లూక్స్. ఇవి చేప ఒంటికి అంటుకునే చదునైన పురుగులు. గోక్కోవడం, ఊపిరి పెరగడం వీటివల్లా వస్తాయి. ఒంటి మీద ఉన్నప్పుడు పారదర్శకంగా ఉండి కనిపించవు. ఉప్పు లేని మంచినీళ్ళలో ముంచితే తెల్లబడి రాలతాయి. నల్లటి ప్లాస్టిక్ తొట్టిలో ఉప్పూ ఖనిజాలూ వడకట్టేసిన ఆర్‌ఓడీఐ నీళ్ళు పోసి, హీటర్‌తో 26 డిగ్రీలకి తెచ్చి, పీహెచ్ ట్యాంకుకి సరిపెట్టి, గంటసేపు గాలి కొట్టించి, చేపని ఐదు నిమిషాలు అందులో ఉంచాను. మొదటిసారి చేసేవాళ్ళు గుండె దిటవు చేసుకోవాలి. మొదటి నిమిషం చేప పక్కకి ఒరిగి పడుకుంది. పాప గది బయటికి వెళ్ళిపోయింది. రెండో నిమిషానికి నిటారుగా లేచింది. చేపని తీసేశాక తొట్టి అడుగున టార్చి వేసి వెతికాను. నువ్వుగింజల్లా తెల్లటి బిళ్ళలు ఉంటే ఫ్లూక్స్ అన్నట్టే. ఒక్కటీ లేదు. ఖచ్చితంగా తేలాలంటే చర్మం మీద జిగురు గీకి మైక్రోస్కోప్ కింద చూడాలి, ఆ సదుపాయం నా దగ్గర లేదు. ఉన్న ఆధారాలతో ఇక్ అనే నిర్ణయానికి వచ్చాను. మర్నాడు ముఖం మీద ఉన్న నాలుగూ పోయి, తోక దగ్గర కొత్తవి మొలిచాయి. ఆ చోటు మారడం చూశాక నాకు అనుమానం మిగల్లేదు.

ఇప్పుడు మందు. కాపర్ పవర్ కీలేటెడ్ రాగి. అంటే రాగిని మరో పదార్థం పట్టుకుని ఉంచుతుంది, మెల్లగా విడుస్తుంది, నీళ్ళలో నిలకడగా ఉంటుంది. దీన్ని 2.25 నుంచి 2.5 పీపీఎం (పది లక్షల పాళ్ళలో ఇన్ని పాళ్ళు) మధ్య పట్టుకోవాలి. ఇంకో మందు ఉంది, సీకెమ్ వాళ్ళ క్యూప్రమైన్. అది వేరే రకం, దాని పూర్తి మోతాదు 0.5 పీపీఎం. రెండూ రాగే, రెండూ మంచి మందులే. కానీ ఒకదాని అంకెని ఇంకోదానికి వాడితే ఐదు రెట్ల విషం పోసినట్టు, లేదా ఐదో వంతు మందు పోసి ఊరుకున్నట్టు. ఎవరైనా "రాగి రెండు ఉంచు" అని సలహా ఇస్తే ముందు ఏ రాగి అని అడగండి. నేను కాపర్ పవర్ ఎంచుకోవడానికి కారణం ట్యాంగులు దీన్ని బాగా తట్టుకోవడమే.

మోతాదు లెక్కకి ట్యాంకు మీద రాసిన అంకె పనికిరాదు. నింపేటప్పుడు బకెట్లు లెక్కపెట్టుకున్నాను. 110 లీటర్ల ట్యాంకులో అసలు నీళ్ళు 96 లీటర్లు. ఆ తేడాకే మందు పదిహేను శాతం దాకా ఎక్కువ పడి ఉండేది. ఒకేసారి పోయకుండా మూడు రోజుల్లో పెంచాను, మొదటి రోజు 1.0, రెండో రోజు 1.6, మూడో రోజు 2.3. వెల్వెట్ అయ్యుంటే ఇంత తీరిగ్గా పెంచేవాణ్ణి కాదు.

మీటర్ సంగతికి వస్తాను. అరచేతిలో పట్టేంత ఉంటుంది, ఒక్క బటన్, ఒక్క చిన్న బ్యాటరీ. పది మిల్లీలీటర్ల ట్యాంకు నీళ్ళు క్యువెట్ అనే గాజు సీసాలో పోసి లోపల పెట్టి బటన్ నొక్కితే ముందు ఆ నీళ్ళని సున్నాగా తీసుకుంటుంది. తర్వాత అదే సీసాలో ఒక పొట్లం పొడి కలిపి, ఊపి, మళ్ళీ పెట్టి బటన్ నొక్కి పట్టుకుంటే కౌంట్‌డౌన్ నడిచి అంకె వస్తుంది. రాగి ఉంటే నీళ్ళు ఊదా రంగుకి తిరుగుతాయి. ఆ ఊదా ఎంత గాఢంగా ఉందో మన కన్ను కాకుండా లోపలున్న దీపమూ సెన్సారూ చూస్తాయి. నాకు ఇందులో అన్నిటికంటే నచ్చింది ఇదే. రంగుల కార్డు దగ్గర నేను నా భయాన్ని బట్టి గడి ఎంచుకునేవాణ్ణి. చేప నీరసంగా ఉంటే రంగు ముదురుగా కనిపించేది. ఇక్కడ 2.31 అంటే 2.31.

కొలిచేది 0 నుంచి 5 పీపీఎం వరకు, రెండు దశాంశ స్థానాలతో. కంపెనీ చెప్పే తేడా 0.05 పీపీఎం, దానికి తోడు రీడింగులో 5 శాతం. అంటే 2.3 దగ్గర అటూ ఇటూ 0.16 దాకా ఉండొచ్చు. ఈ లెక్క మనసులో పెట్టుకుంటే 2.25 అంచున నిలబడటం తెలివైన పని కాదని అర్థమవుతుంది. నేను 2.35 నుంచి 2.45 మధ్య ఉంచడానికి చూశాను. ఒకే నీళ్ళని రెండుసార్లు కొలిస్తే నాకు 2.33, 2.37 వచ్చాయి. ఈ పనికి అంత దగ్గరగా వస్తే చాలు.

అలా దగ్గరగా రావాలంటే చెయ్యి అలవాటు పడాలి. మొదటి రెండు రోజులు నాకు 1.4 ఒకసారి, 1.7 ఒకసారి వచ్చాయి, అదే నీళ్ళు. తప్పు నాదే. క్యువెట్ మీద వేలిముద్ర ఉంటే వెలుగు దారి మారుతుంది. నీళ్ళ బొట్టు ఉన్నా అంతే. ఇప్పుడు కళ్ళజోడు తుడిచే మెత్తటి గుడ్డ మీటర్ పక్కనే పెట్టుకున్నాను, పెట్టే ప్రతిసారీ తుడుస్తాను. పొట్లాన్ని మూడు వైపులా కత్తిరించి దోనెలా మడిచి పోస్తాను, అప్పుడే పొడి మొత్తం పడుతుంది, మూలల్లో మిగలదు. గట్టిగా ఊపితే బుడగలు వస్తాయి, బుడగలు కూడా రంగుగా లెక్కలోకి పోతాయి. అందుకని నెమ్మదిగా తిప్పి, బుడగలు పోయేలా తట్టి పెడతాను. క్యువెట్‌ని ప్రతిసారీ ఒకే వైపు తిప్పి పెట్టడానికి మూత మీద పెన్నుతో గీత గీసుకున్నాను. పని అవగానే ఆర్‌ఓడీఐ నీళ్ళతో కడగాలి, లేకపోతే ఊదా మరక అంటుకుని రేపటి రీడింగ్‌లో కలుస్తుంది. ఇవన్నీ అలవాటయ్యాక మొత్తం పని మూడు నిమిషాలు.

రాగి 2.3కి చేరిన రోజు నుంచి లెక్క మొదలుపెట్టాను. 30 రోజులు అనుకున్నాను. నాలుగో రోజు చేప నోరి ముట్టుకోలేదు. రాగి వల్ల ఆకలి తగ్గడం మామూలే కానీ చూస్తూ ఊరుకోవడం కష్టం. ట్యాంకు అద్దానికి అతికించిన ఆకు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అలాగే ఊగుతూ ఉంది. మీటర్ 2.41 చూపించింది. మీటర్ లేకపోయుంటే ఆ రాత్రి మందు ఎక్కువైందేమో అని భయపడి సగం నీళ్ళు మార్చేసి ఉండేవాణ్ణి, వైద్యం అక్కడితో పాడయ్యేది. అంకె సరిగ్గా ఉందని తెలుసు కాబట్టి నీళ్ళ జోలికి పోకుండా మేత మార్చాను. బతికున్న ఆర్టీమియా (చిన్న రొయ్యల్లాంటి జీవులు) వదిలితే కదలిక చూసి రెండు పట్టింది. మర్నాడు మైసిస్ రొయ్యలు తింది. ఆరో రోజుకి నోరి దగ్గరికి వచ్చింది.

ఏడో రోజు తప్పు చేశాను. నీళ్ళలో అమ్మోనియా పెరిగితే రంగు మారే బ్యాడ్జి పసుపు నుంచి ఆకుపచ్చకి తిరగడం మొదలైంది. మామూలప్పుడైతే అమ్మోనియాని బంధించే కండిషనర్ పోసేవాళ్ళం. రాగి ఉన్న నీళ్ళలో అది పోయకూడదు. అలాంటి కండిషనర్లు రాగిని మరింత విషపూరితమైన రూపంలోకి మార్చగలవు. నీళ్ళు మార్చడమే దారి. ఇరవై లీటర్లు తీసి, కొత్త ఉప్పునీళ్ళు పోశాను. ఆ కొత్త నీళ్ళలో ముందుగా రాగి కలపాలన్నది హడావిడిలో మర్చిపోయాను. రాత్రి పడుకోబోయే ముందు అలవాటుగా కొలిస్తే 1.86. మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా, దాదాపు తొమ్మిది గంటలు, తలుపు తెరిచి పెట్టినట్టే. మందు పోసి తిరిగి 2.38కి తెచ్చాను. క్యాలెండర్ మీద రాసిన ఏడు అంకెల్నీ కొట్టేసి మళ్ళీ ఒకటి అని రాశాను. తొమ్మిది గంటలకే అంత అవసరమా అని మా ఆవిడ అడిగింది. ఆ తొమ్మిది గంటల్లో ఎన్ని గుల్లలు పగిలాయో నాకు తెలియదు, అందుకే అవసరం. శీర్షికలో 30 కాకుండా 37 ఉండటానికి కారణం అదే. మీటర్ లేకపోతే ఆ జారుడు నాకు అసలు తెలిసేదే కాదు. నెల తర్వాత చేపని పెద్ద ట్యాంకులో వదిలి, మళ్ళీ చుక్కలు వస్తే మందు మంచిది కాదని రాసుకునేవాణ్ణి.

అప్పటి నుంచి కొత్త నీళ్ళ డ్రమ్ముని కూడా విడిగా కొలిచాకే పోశాను. ఆవిరైన నీటికి మాత్రం రాగి కలపని మంచినీళ్ళే పోయాలి, ఎందుకంటే ఆవిరయ్యేది నీరే, రాగి లోపలే ఉంటుంది. నాలుగు రోజులు టాప్ అప్ చేయకుండా వదిలితే అంకె దానంతటదే పైకి పోవడం మీటర్‌లో కనిపించింది, 2.38 నుంచి 2.52. మొదట ఎక్కడినుంచి వచ్చిందా అని బుర్ర గోక్కున్నాను. అద్దం మీద నేను గీసుకున్న నీటి మట్టం గీత చూశాక అర్థమైంది.

కొత్తగా లెక్క మొదలుపెట్టిన మూడో రోజు తర్వాత చేప మీద చుక్క కనిపించలేదు. ఊపిరి పదిహేను సెకన్లకి 20కి దిగింది. ఆ తర్వాత మిగిలినవన్నీ చెప్పుకోవడానికి ఏమీ లేని రోజులు. కొలవడం, రాయడం, మేత పెట్టడం. మొదటి రెండు వారాలు రోజూ కొలిచాను, తర్వాత రోజు విడిచి రోజు, నీళ్ళు మార్చిన రోజు తప్పనిసరిగా. పొడి పొట్లాలు పెట్టెకి 25 వస్తాయి. రెండో పెట్టె తెరవాల్సి వచ్చింది. కాబట్టి మీటర్ కొనేటప్పుడే రెండు పెట్టెలు తెచ్చుకోండి. మధ్యలో అయిపోతే దొరికేదాకా గుడ్డిగా నడపాలి.

ఎవరికి ఇది సరిపోదో కూడా చెప్పాలి. పెద్ద ట్యాంకులో పొరపాటున రాగి పడిందేమో, రొయ్యలకీ కోరల్స్‌కీ ప్రమాదమేమో అని చూసుకోవడానికి హెచ్‌ఐ 702 సరైనది కాదు. అది మందు మోతాదులు కొలిచే మీటర్. రొయ్యల్నీ నత్తల్నీ చంపడానికి చాలా తక్కువ రాగి చాలు, ఆ స్థాయిలో దీని తేడా కూడా పెద్దదే. తక్కువ స్థాయిలకి అదే కంపెనీ హెచ్‌ఐ 747 అని వేరే చెకర్ చేస్తుంది, కొనేటప్పుడు నంబర్ సరిచూసుకోండి, రెండూ చూడటానికి ఒకేలా ఉంటాయి. క్యూప్రమైన్ వాడేవాళ్ళు కూడా 702తో కొలవచ్చు, కానీ 0.5 దగ్గర ఆ 0.05 తేడా దామాషాలో చాలా ఎక్కువ, అది గుర్తుంచుకోవాలి. అలాగే రాగి వాడిన ట్యాంకు, స్పాంజ్, పైపులు మళ్ళీ కోరల్స్ ఉన్న చోటికి తీసుకెళ్ళకండి. నా క్వారంటైన్ సామానంతటికీ ఎర్ర టేపు చుట్టి పెట్టాను, వల కర్రకి కూడా.

37వ రోజున చేపని వేరే శుభ్రమైన ట్యాంకులోకి మార్చి, మందు లేకుండా రెండు వారాలు చూశాను. ఆ ట్యాంకుని కావాలనే వేరే గదిలో పెట్టాను, పాత నీటి తుంపర్లు కూడా అందులో పడకుండా. మొదటి రోజు చేపతో పాటు వచ్చిన కాసిన్ని నీళ్ళ వల్ల మీటర్ 0.07 చూపించింది. రాగిని లాగేసే కార్బన్ వేసి రెండుసార్లు నీళ్ళు మార్చాక 0.00 వచ్చింది. రోజూ తెల్లవారుజామున టార్చి వేసి నల్లటి ముఖం మీద వెతికాను. పద్నాలుగో రోజు ఉదయం కూడా ఏమీ లేదు. ఆ సాయంత్రం పెద్ద ట్యాంకులో వదిలాం. పసుపు ట్యాంగ్ రెండు రోజులు తోక ఆడిస్తూ వెంటపడింది, మూడో రోజు నుంచి రెండూ ఒకే నోరి ఆకుకి రెండు చివర్లా వేలాడుతున్నాయి. రెండో పెట్టెలో ఇంకా పొట్లాలు మిగిలాయి. మీటర్ బ్యాటరీ తీసి, క్యువెట్లు కడిగి ఆరబెట్టి, ఎర్ర టేపు చుట్టిన డబ్బాలో పెట్టాను.